పెళ్ళికొడుకు తరపువాళ్ళు

మా ఇంట్లో దయ్యాల కథలు చెప్పుకునే అలవాటు లేదు. చిన్నప్పుడు నేనో, మా మామ పిల్లలో అలాంటివి మొదలుపెడితే మా అమ్మ ఒక్క మాటతో ఆపేసేది. "సచ్చిపోయినోళ్ళకు మీ ఎనకాల తిరిగేది తప్ప ఇంకేం పని లేదనుకున్యారా?" అనేది. తర్వాత నేను చిక్కబళ్ళాపురంలో బీఎస్సీ జంతుశాస్త్రం చదివాను. జ్వరం ఎక్కువైతే మెదడు ఏమేం చూపిస్తుందో పాఠంగా చదువుకున్నదాన్ని.

కాబట్టి ఇది దయ్యం కథ అని నేను అనడం లేదు. ఏమనాలో తెలియకనే రాస్తున్నాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నేను భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానో లేదో పడుకున్నాక లేచి మళ్ళీ చూసుకుంటాను. మా ఆయన బాగేపల్లిలో స్కూలు టీచరు. ఆయన బండి శబ్దం వినబడే దాకా సాయంత్రాలు నాకు నిమ్మళం ఉండదు. ఇప్పుడు కూడా ఇది రాస్తూ మధ్యమధ్యలో పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తున్నాను. పాపకు మూడేళ్ళు. ఇలాంటి మనిషి చెప్పే మాటను ఎంతవరకు నమ్మాలో చదివేవాళ్ళ ఇష్టం.

మా అవ్వ, అంటే అమ్మ వాళ్ళ అమ్మ, జంగమకోటె దగ్గర ఒక పల్లెలో మా మామ ఇంట్లో ఉండేది. వాళ్ళు పట్టుపురుగులు మేపుతారు. అవ్వ పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండూ భూములున్న రైతు కుటుంబాలే. చిన్న వయసులోనే తాత పోయాడు. ఆ తర్వాత అవ్వ ఒకసారి ఎవరితోనో ప్రార్థన కూటానికి వెళ్ళి, ఇక అక్కడే నిలిచిపోయింది. బాప్తిస్మం తీసుకుని రిబ్కమ్మ అయింది.

ఆ రోజు కట్టుకున్న తెల్లచీరను అవ్వ మళ్ళీ ఎప్పుడూ కట్టలేదు. ట్రంకు పెట్టెలో వేపాకు పరిచి దాచింది. అప్పుడప్పుడు తీసి ఉతికి, నీడన ఆరేసి, మడత మార్చి మళ్ళీ పెట్టేది. దాన్ని "నా పెండ్లి చీర" అనేది. మా సంఘంలో ఆ మాట ఎవరికీ వింత కాదు. సంఘం పెళ్ళికూతురు, ప్రభువు పెళ్ళికొడుకు, ఆయన ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని ఆదివారం బడిలో మొదట్లోనే చెప్తారు. దీపాల్లో నూనె చాలక తలుపు బయట మిగిలిపోయిన కన్యకల కథ చెప్పిన రోజు మిగతా పిల్లలు ఆ కథ బొమ్మకు రంగులు వేసుకున్నారు. నేను మాత్రం ఇంటికొచ్చి అన్నం తినకుండా ఏడ్చానట.

అవ్వ తలలో పూలు పెట్టుకునేది కాదు. విధవరాలు పూలు పెట్టుకోకూడదనే పట్టింపు మనకు లేదని మా సంఘం పాస్టరు అయ్యగారు ఎన్నోసార్లు చెప్పారు. అవ్వ నవ్వేది. "పెండ్లినాడు పెట్టుకుంటాలే అయ్యా, ఇప్పుడేం తొందర" అనేది.

నేను కడుపుతో ఉన్నప్పుడు అవ్వ నన్ను చూడటానికి చింతామణిలో మా అమ్మ వాళ్ళింటికి వచ్చింది. కాన్పుకు నెలలు ముందే ఆసుపత్రి సంచి సర్ది తలుపు పక్కన పెట్టుకున్నాను. దుప్పట్లు, ఫ్లాస్కు, రిపోర్టులు, పిల్లకు టోపీలు, ఆ టోపీలు తడిస్తే ఇంకొన్ని టోపీలు.

"ఏమే, కాన్పుకు పోతాండావా, కాశ్మీరుకు పోతాండావా?" అంది అవ్వ.

"తయారుగా ఉండాలి కదవ్వా."

"తయారంటే మూటలు కట్టుకునేది కాదే. పిలిస్తే లేసి పోయేది."

ఆ మాట నాకు నచ్చలేదు. లేచి పోవడం నా వల్ల కాదు. అప్పటికే కడుపులో ఒకరున్నారు.

ఇక్కడ మాలో ఉన్న ఒక ఆచారం గురించి చెప్పాలి. పెళ్ళి కుదిరాక పెళ్ళికొడుకు తరపు ఆడవాళ్ళు జతలుగా ఇంటింటికీ పిలుపుకు వస్తారు. పళ్ళెంలో గంధం, కలకండ, మల్లెపూల ఉండ ఉంటాయి. కుంకుమ ఉండదు, అంతే తేడా. మిగతాదంతా మా పక్కింటి హిందువుల పిలుపులాగానే. ఆ ఇంటి ఆడమనిషికి గంధం పూసి, పూలు తుంచి ఇచ్చి, "తయారుగా ఉండమ్మా" అంటారు. ఎవరూ "రాను" అనకూడదు. పెళ్ళి విందులో ఏ ఇంటి విస్తరీ ఖాళీగా ఉండకూడదు. రాలేని ఇబ్బంది ఉంటే, మా బదులు ఫలానా మనిషి వస్తుందని ఇంట్లోవాళ్ళ పేరు ఒకటి చెప్పాలి. అప్పుడు వాళ్ళు పూలమాలను సగానికి తుంచి, ఒక సగం చెప్పినామెకు ఇచ్చి, ఇంకో సగం ఆ వచ్చే మనిషి కోసం పట్టుకుపోతారు. బాలింత అయితే ఎలాగూ పోదు. బిడ్డను మందిరానికి తీసుకెళ్ళి ప్రార్థన చేయించేదాకా గడప దాటదు.

నేను అమ్మ వాళ్ళింట్లో ఉన్నప్పుడే, చింతామణిలో పాప పుట్టింది. కాన్పు బాగానే అయింది. ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు నాకు జ్వరం పట్టుకుంది. పొద్దున తగ్గినట్టే ఉండి మధ్యాహ్నానికి వణుకుతో వచ్చేది. మాత్రలు మార్చారు. రేపటికి కూడా తగ్గకపోతే చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రిలో చేర్చమని డాక్టరమ్మ అమ్మను పక్కకు పిలిచి చెప్పింది. పక్కకు పిలిచి చెప్పిన మాటలు నాకు ఎప్పుడూ వినబడతాయి.

ఆ రోజుల్లో నేను ఒకే ప్రార్థన చేసేదాన్ని. పైకి కాదు, లోపలే. బిడ్డ నా ముఖం గుర్తుపట్టే వయసు వచ్చేదాకా నన్ను ఉంచు ప్రభువా అని. అంతకంటే ఎక్కువ అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది. ఈ ప్రార్థన సంగతి మా ఆయనకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంటుంది.

ఆ మధ్యాహ్నం అమ్మ మందులు తేవడానికి బస్టాండు దగ్గరకు వెళ్ళింది. వెళ్తూ వరండా గ్రిల్లుకు బయట నుంచి తాళం వేసింది. మా వీధిలో కోతుల బెడద ఎక్కువ. తలుపు తీసి ఉంటే వంటింట్లోకి వచ్చేస్తాయి, బాలింతను లేపి గడియ వేయించడం ఎందుకని అమ్మ అలా చేసేది. తాళంచెవి తన కొంగుముడిలో ఉంది.

నేను మంచం మీద గోడకు ఆనుకుని పాపకు పాలిస్తున్నాను. చెవులకు గుడ్డ కట్టి ఉంది. పొద్దున వేసిన సాంబ్రాణి పొగ గదిలో ఇంకా పోలేదు. కిటికీలోంచి పడే ఎండలో ఆ పొగ నిలబడినట్టే ఉండి, నిలబడే నెమ్మదిగా తిరుగుతోంది. జ్వరం అప్పుడే ఎక్కుతోంది. ఆ ఎక్కేటప్పుడు మొదట్లో ఒక హాయి ఉంటుంది, ఒళ్ళు బరువు లేనట్టు, మంచం నీళ్ళ మీద ఉన్నట్టు. బయట ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ పోతున్న చప్పుడు చాలా దూరం నుంచి, చాలాసేపు వినబడింది.

ముందు మల్లెల వాసన వచ్చింది. తడి గుడ్డలో చుట్టి అప్పుడే విప్పిన మల్లెల వాసన.

తలెత్తి చూస్తే గది గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకామె పెద్దది, ఇంకొకామె నా ఈడుది. పట్టుగూడు రంగు చీరలు. పెద్దామె చేతిలో పళ్ళెం. వాళ్ళ ముఖాలు ఎంత గుర్తు చేసుకున్నా రావు. కానీ ముఖాలు చూశాను, మంచి ముఖాలు అనుకున్నానని గుర్తుంది. భయం వేయలేదు. గ్రిల్లుకు తాళం ఉందన్న ఆలోచనే రాలేదు. ఎప్పుడూ తాళాలు చూసుకునే నాకు.

"పిలిచేదానికి వచ్చినామమ్మా" అంది పెద్దామె. "పెండ్లికొడుకు తరపోళ్ళం."

మా సంఘంలో ఆ నెల ఒక పెళ్ళి ఉంది. దాని గురించే అనుకున్నాను. పిలుపుకు వచ్చినవాళ్ళను గుమ్మంలో నిలబెట్టానే అని సిగ్గుపడి, జారిన పైట సర్దుకున్నాను. ఆమె వచ్చి నా మెడ దగ్గర గంధం పూసింది. ఆ చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తే.

"తయారైనావా?" అని అడిగింది. తయారుగా ఉండు అనలేదు. తయారైనావా అంది.

నేను పాపను చూశాను. పాప కళ్ళు మూసుకుని గుటకలు వేస్తోంది. "నేనెట్లా వస్తానమ్మా, బాలింతను. బిడ్డ ఇంకా పాలు తాగుతాంది" అన్నాను.

ఆమె నిలబడే ఉంది. ఎదురు చూస్తున్నట్టు. అప్పుడు మర్యాద గుర్తొచ్చింది. ఇంటి తరపున ఒక పేరు చెప్పాలి. నాకు అమ్మ పేరు రావాలి నిజానికి. అమ్మ ఊళ్ళోనే ఉంది, ఏ పెళ్ళికైనా పోయేది అమ్మే. కానీ నా నోట అవ్వ పేరు వచ్చింది.

"నా బదులు మా అవ్వ వస్తాది. రిబ్కమ్మ. జంగమకోటె దిక్కు. ఆమె ఎప్పుడూ తయారే" అన్నాను. అని నవ్వాను కూడా.

చిన్నామె కూడా నవ్వింది. పెద్దామె పూలమాలను సగానికి తుంచి ఒక సగం నా ఒళ్ళో పెట్టింది. వంగి పాప ముఖం చూసింది.

"బిడ్డను తాగనీ. నీ మొగం గుర్తు పట్టేంత కానీ. మళ్ళా వస్తాము" అంది.

వాళ్ళు వెళ్ళడం నేను చూడలేదు. పాపను భుజం మీద వేసుకుని, త్రేన్పు వచ్చేదాకా వీపు తట్టి, ఉయ్యాలలో పడుకోబెట్టి, పూలు ఉయ్యాల తాడుకు చుట్టాను. తర్వాత నిద్రపోయాను.

అమ్మ లేపింది. నా నుదురు మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచేసింది. ఒళ్ళంతా చెమట పట్టి చల్లగా ఉంది. జ్వరం దిగిపోయింది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

"ఈ పూలు యాడివే?" అంది అమ్మ.

"పిలుపుకు వచ్చినారమ్మా."

"తాళం నా దగ్గరుంటే యాడనుంచి వచ్చినారు, పైకప్పు నుంచా?" అని అమ్మ మందుల కవరు విప్పుతూ ఉంది. అప్పుడు మామ ఫోను వచ్చింది. అవ్వ పోయిందని.

అమ్మ వెంటనే బయలుదేరింది. నేను పోవడానికి లేదు. మా ఆయన బాగేపల్లి నుంచి వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. నేను ఏడ్చానో లేదో గుర్తులేదు. ఉయ్యాల తాడుకున్న పూల వైపు చూస్తూ ఉండిపోయాను.

తర్వాత జరిగింది అమ్మ, అత్త చెప్పిందే. అత్త అంటే మామ భార్య. ఏదీ పెంచి చెప్పే మనిషి కాదు. చెప్పమన్నా సగమే చెప్తుంది.

ఆ మధ్యాహ్నం అవ్వా అత్తా పురుగుల గదిలో ఉన్నారు. పురుగు పండితే ఆకు ముట్టదు. ఒళ్ళు అద్దంలా అయిపోయి, తల పైకెత్తి దేనికోసమో వెతుకుతుంది. అలాంటివాటిని ఏరి, గూళ్ళు అల్లుకోవడానికి చంద్రికలనే వెదురు తట్టల మీద వేయాలి. అవ్వ ఏరుతూ ఏరుతూ ఆగి, గుమ్మం వైపు చూసి నవ్విందట.

"ఓహో, నన్నేనా? మా పాప చెప్పిందా నా పేరు?"

అవ్వ నన్ను పాప అనే పిలిచేది.

"ఎవరితోనత్తా మాట్లాడతాండావు?" అని అత్త అడిగింది. ఆ వైపు ఎవరూ లేరు.

"పెండ్లికి పిలిచేదానికి వచ్చినారు. పాప బాలింత కదా, దాని బదులు నన్ను రమ్మంటాండారు" అని అవ్వ చేతులు దులుపుకుని లేచింది. "ఆ మూల ఇంకా పండిన పురుగులుండాయి, సూసుకో" అని అత్తకు చెప్పి నీళ్ళు పోసుకోవడానికి వెళ్ళింది. అత్త పని వదల్లేక అక్కడే ఉండిపోయింది. పండిన పురుగును ఆపితే గూడు పాడవుతుంది. చేతిలోది ముగించుకుని ఇంట్లోకి వెళ్ళేటప్పటికి అవ్వ తెల్లచీర కట్టుకుని, చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు.

తలలో మల్లెలు ఉన్నాయి.

ఇంట్లో మల్లెతీగ లేదు. ఆ పూట ఆ పల్లెకు పూలమ్మే మనిషి రాలేదు. పూలు తీసేయాలా ఉంచాలా అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుసగుసలాడుతుంటే అత్త ఒక్కటే మాట అందట. "పెండ్లినాడు పెట్టుకుంటానని మా అత్త ముందే చెప్పింది. ఎవరూ ముట్టొద్దు." పూలతోనే సమాధి చేశారు.

అమ్మ వారం తర్వాత వచ్చింది. వచ్చీరాగానే స్నానం కూడా చేయకుండా ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. వాడిపోయి గోధుమరంగుకు తిరిగిన పూలను చేతిలోకి తీసుకుని, దారాన్ని వెలుతురులో పట్టి చూసింది. నేను అప్పటిదాకా ఆ దారం చూడలేదు. మా వైపు పూలు అరటినారతోనో, తెల్ల నూలు దారంతోనో కడతారు. ఇది లేత పసుపు రంగు, సన్నగా మెరుస్తోంది. రంగు వేయని పచ్చి పట్టు.

"అవ్వ తల్లోవి కూడా దీంతోనే కట్టి ఉండినాయి" అంది అమ్మ. ఇప్పటికీ దాని గురించి మాట్లాడదు. ఆ తర్వాత గ్రిల్లుకు తాళం వేసేముందు మాత్రం ప్రతిసారీ ఒకసారి లోపలికి తొంగి చూస్తుంది.

మా ఆయనకు అంతా చెప్పాను, నా ప్రార్థన ఒక్కటి తప్ప. పూలమ్మే ఎవరో కిటికీలోంచి ఇచ్చి ఉంటుంది, మిగతాది జ్వరంలో కల అన్నాడు. "పట్టు దారంతో పూలు కట్టి అమ్మితే ఆమెకేం మిగులుతుంది?" అని అడిగాను. లెక్కల టీచరే అయినా ఆయన ఆ లెక్క వదిలేసి అత్త సంగతికి వెళ్ళాడు. అత్త విన్న మాటలకు ఆయన దగ్గర ఇంకో వివరణ ఉంది. పెద్దవాళ్ళు పోయేముందు అలాగే మాట్లాడతారని. కావచ్చు. నా పేరు ఎందుకు వచ్చిందంటే, నేను బాలింతనని అవ్వకు తెలుసు కాబట్టి. అదీ కావచ్చు. ఒక్కొక్కటి విడిగా చూస్తే దేనికైనా జవాబు దొరుకుతుంది.

అయ్యగారిని అడిగాను. నేను అవ్వను పంపేశానా అని. అది ఒక్కటే నాకు తెలియాలి అన్నాను. పెళ్ళికొడుకు ఎవరినీ పొరపాటున పిలవడమ్మా అన్నారు. మంచి మాటే. కానీ ఆ మాట ఇంటికి తెచ్చుకుని చూసుకుంటే, నా దగ్గరికి కూడా పొరపాటున రాలేదని అర్థం.

అత్తను మాత్రం ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ అడిగాను. నా పేరు చెప్పినప్పుడు అవ్వ గొంతు ఎలా ఉందని. అత్త విసుక్కుంది. "ఎన్నిసార్లు అడుగుతావమ్మా. సంతోషంగా ఉండింది. పట్టుచీర పెట్టినట్టు." ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాను.

ఇప్పుడు పాపకు నా ముఖం బాగా తెలుసు. పలక మీద గుండ్రంగా గీసి, రెండు చుక్కలు పెట్టి, "అమ్మ" అంటుంది. మొదటిసారి గీసిన రోజు మెచ్చుకోకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. నేను అడిగిన గడువు అదే కదా. ఇంకొంచెం ఎక్కువ అడిగి ఉండాల్సింది అనిపించింది. తర్వాత వచ్చి, పాప చెయ్యి పట్టుకుని, ఆ బొమ్మకు జడ, జడలో పూలు గీయించాను.

సంచులు సర్దడం తగ్గించాను. పూర్తిగా మానలేదు. బాప్తిస్మం నాటి నా తెల్లచీర అమ్మ వాళ్ళింట్లో ఎక్కడో ఉంటే వెతికి తెచ్చుకున్నాను. మరకలు పడింది. ఉతికి నీడన ఆరేశాను. పాప దాని కింద దూరి ఇల్లు కట్టుకుంది. లోపల నుంచి నవ్వుతుంటే ఆ తెల్ల గుడ్డ ఊపిరి తీస్తున్నట్టు కదిలింది.

పోయిన వారం మధ్యాహ్నం, నేను అమ్మ వాళ్ళింట్లో ఉన్నప్పుడు, ఇద్దరు ఆడవాళ్ళు పిలుపుకు వచ్చారు. గ్రిల్లు నేనే తీశాను. వాళ్ళు ఎవరో తెలుసు, మా సంఘంవాళ్ళే. పెద్దామె నాకు గంధం పూసి, "మీ ఇంటి నుంచి ఎవరు వస్తారమ్మా?" అంది. పాపకు ఆ రోజు జలుబు. అమ్మ పేరు చెప్పవచ్చు, తప్పేం లేదు.

"నేనే వస్తాను" అన్నాను.

ఆమె పూలు తుంచకుండా నిండు మాల నా చేతిలో పెట్టింది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. అప్పుడు దారం వెలుతురులో పట్టి చూశాను. తెల్ల నూలు దారమే.

పాప చెయ్యి చాపి పూలు అడిగితే దాని తలలో పెట్టాను. ఆ దారం చూసినప్పుడు నాకు కలిగింది నిమ్మళమేనా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. నిమ్మళమే. కానీ దాని పక్కనే, చాలా చిన్నగా, రావాల్సినవాళ్ళు రాలేదే అన్నట్టు ఇంకేదో కూడా ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.